తలుపు పైన మూరెడు గోడ

అనంతరామయ్యకు షికాగో శివార్లలోని నేపర్‌విల్‌లో చేయడానికి పనేమీ లేదు. ఏప్రిల్‌లో వచ్చాడు. మే నెలాఖరుకల్లా కూతురి ఇంట్లో బిగించని మేకు లేదు, వెలిసిన కుర్చీ లేదు. మెయిల్‌బాక్స్ మీద ఇంటి నంబరు నీడతో సహా ఎంత నేర్పుగా రాశాడంటే, పక్కింటివాళ్లు తమ డబ్బా కూడా విప్పి తెచ్చి ఇచ్చారు. ఆ తర్వాత ఇంకెవరూ ఇవ్వలేదు. టీవీ ముందు కూర్చుని, మాటలు వదిలేసి, వెనక కట్టిన సెట్లు చూస్తూ "ఆ కిటికీ అబద్ధం, ఆ మెట్లు అబద్ధం" అంటూ ఉండేవాడు.

ఆయనది తెనాలి. ముప్పై ఏళ్లు ఒక నాటకాల కంపెనీకి తెరలు రాశాడు. దర్బారు, అడవి, వీధి, ఉద్యానవనం, కైలాసం. పద్దెనిమిది అడుగుల గుడ్డ మీద, చిట్టచివర కూర్చున్నవాడికి కూడా ఆ స్తంభాల మధ్య నుంచి లోపలికి నడిచి వెళ్లొచ్చు అనిపించాలి. అదీ పని. నాటకాలు తగ్గాక కంపెనీవాళ్లు తెరలన్నీ చుట్టి దివిసీమలో యజమాని గోదాములో పెట్టారు. డెబ్బై ఏడు నవంబరులో ఉప్పెన వచ్చింది. అనంతరామయ్య వెళ్లేసరికి గోదాము ఉన్నచోట పునాది రాళ్లున్నాయి. అక్కడే మూడు రోజులు ఉండి, శవాలు మోసేవాళ్లతో కలిసి మోసి, ఇంటికొచ్చాడు. తెరలేమయ్యాయని భార్య అడిగింది. "మనుషులు పోయినచోట గుడ్డల మాటేమిటి" అన్నాడు. ఆవిడ మళ్లీ అడగలేదు. ఆయన మళ్లీ బొమ్మ రాయలేదు. భార్య పోయిన ఏడాదికి, ఎనభై మూడులో, కూతురు నళిని ఆరు నెలలు ఉండి వెళ్లమని పిలిపించుకుంది.

అయినా ట్రంకు పెట్టె అడుగున కుంచెలు, పొడి రంగులు, కాగితంలో కట్టిన తుమ్మజిగురు పెట్టుకుని వచ్చాడు. ఎందుకని నళిని అడిగితే "బరువేం కాదుగా" అన్నాడు.

అల్లుడు శ్యామ్‌సుందర్ షికాగోలో సివిల్ ఇంజినీర్. జూన్ మొదటి ఆదివారం, ఒక పాత యూదుల ప్రార్థనామందిరానికి పైకప్పు కారుతోందని చూడ్డానికి వెళ్తూ మామగారిని కూడా కార్‌లో ఎక్కించుకున్నాడు.

"ఇంట్లో ఉంటే గ్యారేజ్ డోర్‌కి కూడా నీడలు వేసేస్తారు మామయ్యగారూ. రండి, గంటలో ఇన్‌స్పెక్ట్ చేసుకుని వచ్చేద్దాం."

బయట నుంచి చూస్తే అది ఇటుకల గోడౌనులా ఉంది. ఒకపక్క లాండ్రీ, ఇంకోపక్క మూసేసిన చెప్పుల షాపు. తలుపు తీసినాయన పొట్టిగా, చేతికర్రతో ఉన్నాడు. పేరు మెండెల్, వయసు డెబ్బై నాలుగు. సోఫాలకు గుడ్డ తొడిగే పని చేసి రిటైరయ్యాడు. ఇప్పుడు ఈ మందిరం తాళాలు ఆయన దగ్గరే ఉంటాయి.

అనంతరామయ్య గడప దగ్గర బూట్లు విప్పబోయాడు.

"వద్దు వద్దు, నేలలో మేకులున్నాయి" అన్నాడు మెండెల్. జేబులోంచి గుండ్రటి నల్ల టోపీ తీసి ఇచ్చాడు. "ఇక్కడ కాళ్ల జోలికి పోం. తల కప్పుకుంటే చాలు."

టోపీ పెట్టుకుని లోపలికి వెళ్లి తలెత్తిన అనంతరామయ్య అలాగే నిలబడిపోయాడు.

కప్పంతా నీలం, దాని నిండా బంగారు చుక్కలు. చుట్టూ పన్నెండు రాశులు. మీనం, తుల, కర్కాటకం ఆయన గుర్తుపట్టాడు. కన్య ఉండాల్సిన చోట ఒక చెయ్యి మాత్రమే ఉంది. మనిషి బొమ్మ గోడ మీద రాయకూడదని ఆ తర్వాత మెండెల్ చెప్పాడు. ఎదురు గోడ మీద రెండు సింహాలు ఒక కిరీటాన్ని పట్టుకున్నాయి. కిటికీల చుట్టూ తీగలు, ద్రాక్ష గుత్తులు, పగిలి గింజలు కనిపిస్తున్న దానిమ్మ పళ్లు. జానెడు జాగా వదలకుండా రాశారు. వీటన్నిటి కింద, మూడు గోడల వెంట, ఎర్రటి తెర వేలాడుతోంది. బంగారు కుచ్చులు, బరువుగా పడిన మడతలు.

అనంతరామయ్య దగ్గరికి వెళ్లి తెర మీద చెయ్యి వేశాడు. చల్లటి గోడ తగిలింది. అది కూడా రాసిన బొమ్మే.

ఆయన చెయ్యి తీయలేదు. మడత నీడ వెంట వేలు పైనుంచి కిందికి నడిపాడు. నీడలో నలుపు లేదు, ముదురు నీలం కలిపారు. తన గురువు నేర్పింది కూడా అదే.

"ఎవరు రాశారు?" అని ఇంగ్లీషులో అడిగాడు. సైన్‌బోర్డులు రాసిన రోజుల్లో నేర్చుకున్న ఇంగ్లీషు ఆ మాత్రానికి సరిపోతుంది.

"ఇద్దరు అన్నదమ్ములు. ఇరవై నాలుగులో" అన్నాడు మెండెల్. "మాది పోలండ్‌లో ఒక ఊరు. అక్కడ మా మందిరం మూడొందల ఏళ్లది. అది చూసిన కళ్లతోనే ఇది రాశారు. నలభై ఒకటిలో నాజీలు మనుషుల్ని లోపల పెట్టి దాన్ని కాల్చేశారు. ఇక అది ఎలా ఉండేదో తెలియాలంటే ఇక్కడికే రావాలి."

ఉత్తరం గోడ మీద నీళ్లు కారి, తెరలో మూడు మడతలు పూర్తిగా కొట్టుకుపోయాయి. శ్యామ్‌సుందర్ నోట్స్ రాసుకుంటూ, రూఫ్ ఫిక్స్ చేయడం పెద్ద పని కాదన్నాడు. బొమ్మ సంగతి మాత్రం తన చేతిలో లేదన్నాడు.

"పెయింటర్లు చెప్పే ధర మా వల్ల కాదు" అన్నాడు మెండెల్. "ఆ ముక్కకి తెల్లరంగు వేసేయమంటున్నారు మావాళ్లు."

"నేను రాస్తాను" అన్నాడు అనంతరామయ్య.

అల్లుడు తలెత్తి చూశాడు. మెండెల్ కూడా చూశాడు, కొనుగోలుదారు చూపు.

"ముందు ఒక మడత రాసి చూపించండి" అన్నాడు.

మరుసటి ఆదివారం అనంతరామయ్య అట్టముక్క మీద ఒక మడత, ఒక కుచ్చు రాసి పట్టుకెళ్లాడు. మెండెల్ దాన్ని కిటికీ దగ్గర పెట్టి చాలాసేపు చూశాడు.

"ఈ గుడ్డేమిటి?"

"వెల్వెట్."

"పట్టు ఎందుకు కాదు?"

"పట్టయితే మడత ఇంత లావు రాదు. విరుగుతుంది."

మెండెల్ అట్ట కింద పెట్టాడు. "యాభై ఏళ్లు వెల్వెట్‌తో బతికాను. మంగళవారం రండి."

"రంగు మాత్రం నాదే వాడతాను. పొడి రంగు, జిగురు నీళ్లు. తప్పు చేస్తే తడిగుడ్డతో తుడిచేసుకోవచ్చు."

"ఎన్ని తప్పులు చేద్దామనుకుంటున్నారేమిటి?" అని నవ్వాడు మెండెల్.

నళిని ఈ సంగతి విని స్టవ్ కట్టేసి మరీ హాల్లోకి వచ్చింది. "నాన్నా, అరవై ఎనిమిదేళ్లకి నిచ్చెన ఎక్కుతావా? పడితే ఇన్సూరెన్స్ కూడా లేదు నీకు. మా ఆయనకి బుద్ధి లేదు, నీకు అంతకన్నా లేదు."

"తెర కిందిదాకా ఉందమ్మా. కూర్చునే రాయొచ్చు."

"అబద్ధం."

"సగం అబద్ధం. నాలుగు మెట్లు."

మంగళ, గురువారాలు ఆయన అల్లుడితో పాటు పొద్దున్నే ట్రెయిన్ ఎక్కేవాడు. స్టేషన్ బయట శ్యామ్‌సుందర్ ఆయన్ని బస్ ఎక్కించి, డ్రైవర్‌కి స్టాప్ చెప్పి ఆఫీస్‌కి వెళ్లేవాడు. అటువైపు మెండెల్ కర్రతో నిలబడి ఉండేవాడు. పప్పన్నం డబ్బా, మెండెల్ తెచ్చిన రొట్టె, ఊరవేసిన దోసకాయ వెనక బెంచీ మీద పెట్టుకుని తినేవారు. మెండెల్ ఒకసారి ఆవకాయ రుచి చూసి, నీళ్లు తాగి, మళ్లీ రుచి చూశాడు.

మొదటిరోజు అనంతరామయ్య రాసిందంతా తుడిచేశాడు. రెండోరోజు సగం తుడిచాడు. మూడో వారానికి మొదటి మడత పాత మడతల్లో కలిసిపోయింది. ఏది ఎవరిదో చెప్పమంటే మెండెల్ కర్రతో తప్పు మడతను చూపించాడు. ఆ రోజు ఇంటికెళ్తూ ట్రెయిన్‌లో అనంతరామయ్య ఒక నాటక పద్యం కూనిరాగం తీశాడు. అల్లుడు పేపరు కిందకి దించి చూసి, మళ్లీ ఎత్తుకున్నాడు.

అక్కడ పనిచేస్తున్నన్ని రోజులూ, తలుపు తీసుకుని బయటికి పోతున్నప్పుడల్లా ఆయన కంటికి ఒకటి తగులుతూ ఉండేది. లోపలివైపు, తలుపుకి సరిగ్గా పైన, తీగల మధ్య ఒక చదరం ఖాళీగా ఉంది. ఉత్త గచ్చు. రంగు లేదు, సున్నం కూడా లేదు. అన్నదమ్ములకి టైము చాలక వదిలేసుంటారు అనుకున్నాడు. ఆయన తెరల్లోనూ అలా జరిగేది. రాత్రికి ఆట ఉంటుంది, ఒక మూల మిగిలిపోతుంది. మర్నాడు పూర్తిచేద్దామంటే కంపెనీ ఇంకో ఊరు వెళ్లిపోతుంది. ఆ మూలలు ఆయన్ని ఏళ్ల తరబడి బాధపెట్టాయి. ఇప్పుడు వాటిని పూర్తిచేయడానికి తెరలే లేవు.

జూలై మొదటి వారంలో మెండెల్ చెప్పాడు: "గురువారంతో పని ఆపేయండి. వచ్చే సోమవారం నుంచి మాకు తొమ్మిది రోజులు సంతాపం. రంగులు వేయడం లాంటివి ఉండవు. గురువారం నేను డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. తాళంచెవి మీరే ఉంచుకోండి."

తాళంచెవి చేతిలో పెట్టారన్న సంగతి అనంతరామయ్య ఆ సాయంత్రం నళినికి రెండుసార్లు చెప్పాడు.

గురువారం మధ్యాహ్నానికల్లా మూడో మడత అయిపోయింది. కలిపిన రంగు ఇంకా మిగిలింది. చేతిలో నాలుగు గంటలున్నాయి. నిచ్చెన తలుపు దగ్గరికి జరిపి, నాలుగు మెట్లని కూతురికిచ్చిన మాట దాటి ఏడు ఎక్కి, ఆ ఖాళీ మీద చెయ్యి పెట్టి కొలిచాడు. మోచెయ్యి నుంచి వేలి కొస దాకా, నిలువు మూరెడు, అడ్డం మూరెడు. ఇటుపక్క తీగ వచ్చి ఆగింది, అటుపక్క తీగ మొదలైంది. రెంటినీ కలపడమే. మధ్యలో పగిలిన దానిమ్మపండు. సాయంత్రం నాలుగున్నరకి దిగి, వెనక్కి నడిచి చూసుకున్నాడు. తన జీవితంలో ఇంత బాగా కుదిరిన పండు లేదనిపించింది.

సోమవారం కుంచెలు తెచ్చుకుంటానన్న వంకతో వచ్చాడు. మెండెల్ మూడు మడతలూ చూసి, తల ఊపి, "మీరు మంచి దొంగ" అన్నాడు.

"ఒకసారి వెనక్కి తిరిగి చూడండి" అన్నాడు అనంతరామయ్య.

మెండెల్ తిరిగాడు. పైకి చూశాడు. కర్ర రెండు చేతులతో పట్టుకున్నాడు. తర్వాత పక్కనున్న బెంచీ వెతుక్కుని కూర్చున్నాడు.

"ఎవరు రాయమన్నారు?"

"ఎవరూ చెప్పలేదు. ఖాళీగా ఉంది కదా అని."

"యాభై తొమ్మిదేళ్లుగా ఖాళీగా ఉంది."

గొంతు పెంచలేదు. పెంచితే బాగుండుననిపించింది అనంతరామయ్యకు. మెండెల్ నేల వైపు చూస్తూ చెప్పాడు. జెరూసలేంలో వాళ్లకో గుడి ఉండేది. రెండుసార్లు కట్టారు, రెండుసార్లూ శత్రువులు కూల్చారు. రెండోసారి కూలి పంతొమ్మిది వందల ఏళ్లు దాటింది. అప్పటినుంచి కొత్తగా ఏది కట్టుకున్నా, ఎంత ముస్తాబు చేసినా, మూరెడు గోడ ఉత్తగా వదిలేయాలి. పోలండ్‌లో వాళ్ల ఊరి మందిరంలో కూడా సరిగ్గా అక్కడే, తలుపు పైనే వదిలారు. బయటికి వెళ్లేవాడి కంట పడాలని.

"మా ఊరిది కూడా పోయాక, నేను దానికీ ఈ మూరెడే గుర్తు అనుకున్నాను" అన్నాడు. "మా అమ్మ ఆ ఊళ్లోనే ఉండిపోయింది. ఆవిడకి ఇది తప్ప వేరే సమాధి లేదు. రేపు కాక పై మంగళవారం ఆ గుడి కూలిన రోజు. ఇంకా పదకొండు మందిమి మిగిలాం. వచ్చి నేల మీద కూర్చుంటాం, దాన్ని చూస్తాం."

అనంతరామయ్య తలెత్తి తను నింపిన చదరాన్ని మళ్లీ చూశాడు. టైము చాలక మిగిలిన మూల ఎక్కడన్నా నలుచదరంగా మిగులుతుందా? సరిగ్గా మూరెడు మిగులుతుందా? చేత్తో కొలిచి కూడా తెలుసుకోలేదు. పైగా తమ కంపెనీలో ప్రతి కొత్త తెరకీ ఒక కుచ్చు రంగు వేయకుండా వదిలేవారు, దిష్టి తగలకుండా. తన తెరకు తాను వదిలాడు. ఇంకొకడు వదిలితే కనిపెట్టలేకపోయాడు.

ఆ మాట బయటికే చెప్పాడు. మెండెల్ విని తల అడ్డంగా ఊపాడు.

"మీది పరాయివాడి కన్ను పడకూడదని. ఇది మా కళ్లు పడాలని. వేరే వేరే." కర్ర ఒళ్లో పెట్టుకుని, "తప్పు నాది కూడా. తాళంచెవి ఇచ్చాను గానీ, సంగతి చెప్పలేదు. ఒక గుడ్డ కడదాం పైన" అన్నాడు.

"గుడ్డ వద్దు. తుడిచేస్తాను."

"పాత తీగ పోతుంది."

"అది నూనె రంగు. నాది జిగురు రంగు. తప్పు చేస్తే తుడిచేసుకోవచ్చని మొదటిరోజే చెప్పాను."

"చెప్పారు" అన్నాడు మెండెల్. "అప్పుడు నవ్వాను."

మాటన్నంత తేలిక కాదు. నీళ్లు ఎక్కువైతే పాత తీగ పెచ్చులు లేస్తుంది. తక్కువైతే జిగురు కరగదు. అనంతరామయ్య తన పాత పంచె చింపి, గోరువెచ్చటి నీళ్లలో ముంచి, గట్టిగా పిండి, అద్దడం మొదలుపెట్టాడు. రుద్దితే చెడుతుంది. అద్ది తీయాలి, కొత్త ముక్కతో మళ్లీ అద్దాలి. మెండెల్ కింద నిచ్చెన పట్టుకుని, రంగు తాగిన ముక్కలు అందుకుని, ఉతికి పైకి అందించాడు. సోమవారం ఆకులు పోయాయి. మంగళవారం తీగ పోయింది. బుధవారం పండు తొక్క పోయింది. గింజలు మిగిలాయి. ఆ ఎరుపు ఉత్త గచ్చులోకి ఇంకిపోయింది.

"ఇంట్లో నిన్నటి రొట్టె ఉందా?" అని అడిగాడు అనంతరామయ్య.

"ఆకలా?"

"గోడకి. మెత్తటి గుజ్జు. అది రంగు లాగుతుంది."

గురువారం మెండెల్ రెండు రొట్టెలు తెచ్చాడు. పైతొక్క తీసి, గుజ్జు ఉండలు చేసి ఒక్కొక్కటే పైకి ఇచ్చాడు. "మా అమ్మ చూస్తే నన్ను కొట్టేది" అన్నాడు. "రొట్టె గోడకి తినిపిస్తున్నావురా అని."

ఆ పని చేస్తూ, కిందికి చూడకుండా, అనంతరామయ్య ఉప్పెన సంగతి చెప్పాడు. ఎందుకు మొదలుపెట్టాడో తెలియదు. గోదాము, పునాది రాళ్లు, మూడు రోజులు. తెరల గురించి ఎవరికీ చెప్పలేదనీ, చెప్పడానికి సిగ్గేసిందనీ చెప్పాడు. అంతమంది పోయినచోట గుడ్డలు పోయాయని ఏడిస్తే మనిషి అనరని.

మెండెల్ ఇంకో ఉండ అందించాడు.

"మావాళ్లు గోడల కోసం కూడా ఏడుస్తారు" అన్నాడు ఆ తర్వాత. "మనుషుల కోసం ఏడ్చాకే. కానీ ఏడుస్తారు."

సాయంత్రానికి ఎరుపు చాలావరకు పోయింది. బొటనవేలి గోరంత మరక మాత్రం ఎంతకీ పోలేదు. ఇంకా లాగితే గచ్చు వస్తుందని మెండెల్ వద్దన్నాడు.

తర్వాతి మంగళవారం పొద్దున అనంతరామయ్య వెళ్తానో లేదో నళినికి చెప్పలేదు. బట్టలు వేసుకుని కూర్చున్నాడు. ఆమే కాఫీ ఇచ్చి అడిగింది. "వాళ్లు రమ్మన్నారా నాన్నా?"

"రమ్మన్లేదు. రావద్దనీ అనలేదు."

"అయితే ట్రెయిన్ టైమ్ అవుతోంది. లే." గుమ్మం దాకా వచ్చి, "ఈసారి ఏదీ నింపకు" అంది.

మందిరం తలుపు తీసే ఉంది. లోపల దీపాలు తగ్గించారు. ముసలివాళ్లు కొందరు నేల మీద, కూర్చోలేనివాళ్లు పడదోసిన బెంచీల మీద, ఎత్తు లేకుండా కూర్చున్నారు. ఎవరి కాళ్లకూ తోలు బూట్లు లేవు. కాన్వాస్ బూట్లు, కొందరికి మేజోళ్లు మాత్రమే. మెండెల్ చివరి వరసలో ఒక చెక్క పెట్టె మీద ఉన్నాడు. గడప దగ్గర నిలబడిన అనంతరామయ్యను చూసి కర్రతో ఆయన కాళ్లు చూపించాడు.

"ఇవాళ విప్పొచ్చు" అన్నాడు. "మేకులు చూసుకోండి."

అనంతరామయ్య బూట్లు విప్పి, టోపీ పెట్టుకుని, మెండెల్ పక్కన నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఆ గదిలో అలా కూర్చోగలిగింది ఆయనొక్కడే. ఒకాయన వంగి ఆయన మోకాళ్ల వైపు అసూయగా చూసి, పుస్తకంలోకి తలదూర్చాడు. ముందెవరో నెమ్మదిగా, సాగదీస్తూ చదువుతున్నారు. భాష తెలియదు.

అనంతరామయ్య పక్కకి తిరిగి తలుపు పైకి చూశాడు. తీగ వచ్చి ఆగింది. అవతల మళ్లీ మొదలైంది. మధ్యలో మూరెడు గచ్చు.

"ఆరిందా?" అన్నాడు మెండెల్, గొంతు తగ్గించి.

"ఆరింది."

"మరక?"

"ఉంది. తెలిసినవాడికి కనిపిస్తుంది."

"ఇద్దరికి తెలుసు. పరవాలేదు." చదివేవాడు పుట తిప్పేదాకా ఆగాడు. "మీ తెరలు. వాటికి పేర్లుండేవా?"

"ఉండేవి."

"చెప్పండి."

"మీకు అర్థం కావు."

"మీకిప్పుడు అర్థమవుతోందా?" అన్నాడు మెండెల్, ముందున్న మనిషి వైపు గడ్డం చూపించి.

అనంతరామయ్య గోడ మీద నుంచి కళ్లు తిప్పకుండా తెలుగులో, మెల్లగా చెప్పాడు. దర్బారు తెర. వీధి తెర. ఉద్యానవనం. కైలాసం. అడవి తెర దగ్గర ఆగాడు. మెండెల్ అటు చూడలేదు, తొందరపెట్టలేదు. కాసేపటికి అనంతరామయ్య కండువాతో ముక్కు తుడుచుకుని, మిగతావి కూడా చెప్పాడు.